ఖాళీ పేజీలో దొరికిన అంకితం: ఒక క్వార్టో మీద చరిత్రకారుడు, ప్రింట్‌మేకర్ చేసిన పని

ఇమేజింగ్ విభాగం నుంచి వచ్చిన రిక్వెస్టు చాలా మామూలుది. 17వ శతాబ్దం మధ్యలో లండన్‌లో అచ్చయిన ఒక ప్రసంగాల పుస్తకాన్ని డిజిటైజ్ చేస్తున్నారు. చివరి కాగితం ముడతలు పడి ఉండటంతో ఫొటోలో నీడలొస్తున్నాయి. దాన్ని చదును చేసి ఇవ్వమన్నారు. నేను ఆ ఆర్కైవ్‌లో కన్జర్వేటర్‌ని. పుస్తకాలకు ఏ చికిత్స చేయాలో, ఏది చేయకూడదో తేల్చడం నా పని. ఆ కాగితం గురించి కేటలాగ్‌లో ఒక్క ముక్కే ఉంది: ఖాళీ.

సరిగ్గా అప్పుడే మా దగ్గర ఒక ఉమ్మడి ప్రాజెక్టు మొదలైంది. 1500కీ 1700కీ మధ్య అచ్చయిన పుస్తకాలను పండితులు, కళాకారులు పక్కపక్కన కూర్చుని చూడాలన్నది ఉద్దేశం. ఒక పుస్తక చరిత్రకారుడు, ఒక ప్రింట్‌మేకర్ (చేతిప్రెస్సు మీద అచ్చులు వేసే కళాకారిణి), ఒక సౌండ్ ఆర్టిస్టు వచ్చారు. ప్రసంగాల పుస్తకం చరిత్రకారుడు అడిగినదే కాబట్టి, చికిత్స కొంచెం ఆపి ముందు వాళ్లకు ఇచ్చాను.

ఇలాంటి ప్రాజెక్టులు ఎలా నడుస్తాయో చూసినవాణ్ణి కాబట్టి ఒక మాట. సాధారణంగా పండితుడు ముందు చదువుతాడు, విషయం తేలుస్తాడు, తేలినదాన్ని కళాకారుడికి అప్పజెప్తాడు. కళాకారుడు దానికి ఒక రూపం ఇస్తాడు. ప్రదర్శన పెడతారు, ఫొటోలు బాగుంటాయి. పుస్తకం గురించి అంతకుముందు తెలిసిన దానికంటే ఒక్క ముక్క కూడా ఎక్కువ తెలియదు. అందుకని ఈసారి వరుస మార్చమని పట్టుబట్టాను. మొదటి విడతలో ఎవరికీ వ్యాసాలు, ట్రాన్‌స్క్రిప్షన్లు ఇవ్వొద్దు, పుస్తకం మాత్రమే ఇద్దాం అన్నాను. చరిత్రకారుడికి ఇది నచ్చలేదు. ఆయన అప్పటికే ఆ పుస్తకం మీద ఒక వ్యాసం సగం దాకా రాసి ఉన్నారు, దాని గురించే మాట్లాడాలని వచ్చారు.

ఆ వ్యాసంలో వాదన ఇది. ప్రసంగాల అచ్చు పూర్తయ్యాక కూడా పుస్తకం కొంతకాలం షాపులోనే ఆగిపోయింది. తర్వాత ఒక పోషకుడు దొరికాడు, అప్పుడు అంకితం రాయించి, టైటిల్ పేజీతో కలిపి అచ్చు వేసి, పుస్తకాన్ని బయటకు తెచ్చారు. దీనికి ఆధారం అప్పటి అచ్చుశాలల అలవాటు. అసలు పాఠాన్ని ‘బి’ అని గుర్తు వేసిన మడతతో (ఒక షీటును మడిస్తే వచ్చే కాగితాల కట్టతో) మొదలుపెట్టి, టైటిల్ పేజీ, అంకితం, ముందుమాట లాంటివన్నీ ‘ఎ’ మడత కోసం ఆఖరుకు వదిలేసేవారు. ఈ పుస్తకమూ అలాగే ఉంది. పాఠం ‘బి’లో మొదలై ‘కె’లో ముగుస్తుంది. ‘కె’ మడతలో నాలుగో కాగితమే మన ఖాళీ కాగితం.

క్వార్టో అంటే ఒక పెద్ద షీటుకు ఒక్కో వైపు నాలుగేసి పేజీలు అచ్చువేసి, రెండుసార్లు మడిస్తే వచ్చే పుస్తకం. నాలుగు కాగితాలు, ఎనిమిది పేజీలు. ఒక వైపు అచ్చుకు కావలసిన నాలుగు పేజీల టైపునూ ఇనుప చట్రంలో బిగిస్తే అది ఒక ఫారం. మడతలోని మొదటి, చివరి పేజీలు ఉండేది బయటి ఫారం, రెండోది లోపలి ఫారం. ఒకటో కాగితం, నాలుగో కాగితం ఒకే ముక్క, మధ్యలో మడత మాత్రమే ఉంటుంది. మా పుస్తకంలో నీటిగుర్తు సగం ఒకటో కాగితం మడత దగ్గర, మిగతా సగం నాలుగో కాగితం మడత దగ్గర ఉంది. కాగితంలోని వెడల్పు గీతలు క్వార్టోలో ఉండాల్సినట్టే అడ్డంగా ఉన్నాయి. అంటే ఆ ఖాళీ కాగితం తర్వాత ఎవరో బైండర్ అతికించినది కాదు, ప్రెస్సులోంచి మిగతా వాటితో పాటే వచ్చింది. ఈ సంగతి ముందే తేల్చుకోవడం తర్వాత చాలా పనికొచ్చింది.

రీడింగ్ రూమ్‌లో ఏర్పాట్లు ఎప్పటిలాగే: స్పాంజి దిమ్మెల మీద పుస్తకం, పేజీ నిలవడానికి సీసపు గుళ్లు కుట్టిన తాడు, పెన్సిల్ తప్ప మరో కలం లేదు. తెల్ల గ్లవ్స్ ఇవ్వలేదేమని సౌండ్ ఆర్టిస్టు అడిగాడు. టీవీలో చూసి అందరూ అడిగేదే. గుడ్డ గ్లవ్స్ వేసుకుంటే వేలికి కాగితం అంచు తెలియదు, చిరిగేది అప్పుడే. కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు.

ప్రింట్‌మేకర్ చాలాసేపు పాఠం జోలికే వెళ్లలేదు. ఆవిడ అంచులు చూస్తోంది. చివరి కాగితం వెనక పేజీకి వచ్చి ఆగింది. అడుగున, కాగితం అంచుకు దగ్గర్లో, గోరు వెడల్పంత పొడవున సన్నటి నల్లగీత ఒకటి ఉంది. ఒకవైపు అంచు బ్లేడుతో కోసినట్టు తిన్నగా, రెండోవైపు అలికినట్టు మసగ్గా ఉంది. “ఖాళీ పేజీకి సిరా ఎందుకు అంటింది?” అని అడిగింది. చరిత్రకారుడు ఏదో మరక అని పేజీ తిప్పేయబోయారు. ఆవిడ ఆపి, దిమ్మెను కొంచెం పైకెత్తి కిటికీ వెలుతురు పేజీ మీద ఏటవాలుగా జారేట్టు పెట్టింది. తర్వాత నన్ను టార్చి అడిగింది.

చిన్న ఎల్ఈడీ టార్చిని పేజీ మట్టానికి దాదాపు ఆనించి, ఎడమ నుంచి వేశాం. ముడతల నీడలు ముందు కనిపించాయి. టార్చిని మెల్లగా జరిపితే వాటి మధ్యలో అక్షరాలు లేచాయి. సిరా లేదు, రంగు లేదు, గుంట మాత్రమే. కొన్ని వరుసలు, పెద్ద ఇటాలిక్ అక్షరాలు, ఎడమ నుంచి కుడికి సరిగ్గా చదవగలిగేట్టు.

ఇదెలా వచ్చిందో అచ్చుపని చేసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, చదువరులకు కాదు. చెక్క ప్రెస్సులో పైనుంచి దిగే పలక తన కిందున్న టైపునంతా సమంగా నొక్కాలి. నాలుగు పేజీల్లో ఒకటి ఖాళీగా ఉంటే ఆ మూల ఆధారం ఉండదు. పలక అటు ఒరుగుతుంది, ఖాళీకి ఆనుకుని ఉన్న వరుసలు మరీ లోతుగా దిగి కాగితం చిల్లు పడుతుంది. అందుకని ఖాళీ చోట కూడా ఏదో ఒకటి పెట్టేవారు. చెక్క దిమ్మె కావచ్చు, ఇంకా విప్పని పాత పేజీ టైపు కావచ్చు. ఆ టైపు సిరా కాగితానికి అంటకుండా ఫ్రిస్కెట్ అడ్డుపడుతుంది. ఇది ఒక ఇనుప చట్రానికి బిగించిన దళసరి కాగితమో తోలో. అచ్చు పడాల్సిన చోట కిటికీల్లా కోసి, మిగతాది మూసి ఉంచుతారు. సిరా ఆగుతుంది, కానీ బరువు ఆగదు. షీటును ముందే తడిపి ఉంచుతారు కాబట్టి టైపు అందులోకి దిగి గుంట పడిపోతుంది. కాగితాన్ని తడపడం, తోలు బంతులతో సిరా అద్దడం, ఇవన్నీ జోసెఫ్ మాక్సన్ 1683-84లో లండన్‌లో భాగాలుగా ప్రచురించిన అచ్చుపని వివరాల్లో ఉన్నాయి. ఆ గోరంత నల్లగీత ఫ్రిస్కెట్ కాస్త జరిగిన చోట దాని అంచు దాటి వచ్చిన సిరా.

చరిత్రకారుడు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదైంది. ఆయన రెండు అభ్యంతరాలు చెప్పారు. మొదటిది, కాగితం అవతలి వైపు అచ్చు ఇటు తేలి ఉంటుందని. కానీ ఈ కాగితానికి రెండు వైపులా అచ్చు లేదు. అదీగాక అవతలి నుంచి తేలితే అక్షరాలు ఉబ్బుగా, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. ఇక్కడ వెనకవైపు గుంటగా, సూటిగా ఉన్నాయి, ముందువైపుకు తిప్పితే ఉబ్బుగా, తిరగబడి ఉన్నాయి. అంటే దెబ్బ పడింది వెనకవైపే. రెండో అభ్యంతరం గట్టిది. అప్పటి బైండర్లు కుట్టే ముందు మడతలన్నిటినీ కలిపి బరువైన సుత్తితో కొట్టేవారు. ఆ దెబ్బకు ఒక పేజీ టైపు గుంటలు పక్క పేజీలోకి దిగడం మామూలే. అలాగైతే ఈ అక్షరాలు దగ్గర్లోని ఏదో ఒక పేజీతో కలవాలి. కలవలేదు. ‘కె’ మడత అంతా చిన్న నిటారు అక్షరాలు, ఇవి పెద్ద ఇటాలిక్.

పెద్ద ఇటాలిక్ అన్న మాట వినగానే ఆయనే పుస్తకం మొదటికి వెళ్లారు. ఆ పుస్తకంలో ఆ సైజు ఇటాలిక్ ఉన్నది ఒక్క చోటే: అంకితంలో.

ఇక్కడితో ఆగితే ఊహే అవుతుంది. అదే టైపు పేటీలోంచి మళ్లీ కూర్చిన వేరే పేజీ కావచ్చు కదా. అందుకని పాడైన అక్షరాల కోసం వెతికారు. షేక్‌స్పియర్ పుస్తకాల అచ్చును పరిశోధించిన అమెరికన్ పండితుడు చార్ల్‌టన్ హిన్మన్ నేర్పిన పద్ధతి ఇది. షేక్‌స్పియర్ నాటకాల 1623 నాటి ఫోలియో (షీటును ఒక్కసారే మడిచి చేసిన పెద్ద సైజు పుస్తకం) ప్రతులు వాషింగ్టన్‌లోని ఫోల్జర్ లైబ్రరీలో 82 ఉన్నాయి. ఆయన వాటిలో చాలావాటిని తానే రూపొందించిన యంత్రంలో పక్కపక్కన పెట్టి పోల్చాడు. విరిగిన, వంగిన అక్షరాలు ఏ పేజీలోంచి ఏ పేజీకి వెళ్లాయో పట్టుకుని, ఆ పుస్తకం ఏ వరుసలో అచ్చయిందో 1963లో బయటపెట్టాడు. లోహపు అక్షరానికి ఒకసారి దెబ్బ తగిలితే ఆ గాయం కరిగించి పోత పోసేదాకా దానితోనే ఉంటుంది. మా అంకితంలో మూడో వరుసలో ఒక ‘హెచ్’ కుడి కాలు చివర తెగిపోయింది. సిరా లేని గుంటల్లోనూ అదే వరుసలో, అదే మాటలో, అదే ‘హెచ్’ కాలు సగంలో ఆగింది. వరుసలు విరిగిన చోట్లు కూడా ఒకటే. కూర్చిన టైపు అదే.

అంటే ‘కె’ మడత బయటి ఫారం ప్రెస్సు మీద ఉన్నప్పుడు అంకితం అప్పటికే టైపులో ఉంది. అచ్చయిపోయి విప్పకుండా ఉందా, అచ్చు కోసం ఎదురుచూస్తోందా అన్నది ఏదైనా సరే, ప్రసంగాలన్నీ అచ్చయ్యాక పోషకుడు దొరికేదాకా పుస్తకం ఆగిందన్న వాదన నిలబడదు. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వ్యాసం ప్రింటౌట్ తీసి రెండు పేరాలకు అడ్డంగా పెన్సిల్ గీత కొట్టారు. తన వాదన పోతున్నప్పుడు అంత త్వరగా వదులుకునేవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

గుంటలను నమోదు చేయడం తర్వాతి పని. ప్రింట్‌మేకర్ మొదట అడిగింది పలచటి కాగితం పరిచి గ్రాఫైట్‌తో రుద్దుతానని. ఆవిడ స్టూడియోలో అది రోజూ చేసే పని. ఇక్కడ కుదరదన్నాను. రుద్దే ఒత్తిడి గుంటల అంచులను అణిచేస్తుంది, గ్రాఫైట్ పొడి ఎక్కడికైనా చేరుతుంది. బదులుగా ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) చేశాం. హ్యూలెట్ ప్యాకర్డ్ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ 2001లో ప్రకటించిన పద్ధతిలోంచి పెరిగినది ఇది. కెమెరా కదలకుండా పైన ఉంటుంది. పక్కన మెరిసే నల్ల గోళీలు రెండు పెడతాం. దీపాన్ని అర్ధగోళం చుట్టూ ఒక్కో చోటికి జరుపుతూ ఫొటోలు తీస్తాం. గోళీ మీద మెరుపు పడిన చోటును బట్టి దీపం ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. తర్వాత స్క్రీన్ మీద వెలుతురును మనకు కావలసిన వైపు తిప్పుకోవచ్చు. పేజీని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. టార్చికి దొరకని ఇంకో వరుస ఇందులో దొరికింది.

ఫారంలో పెట్టిన టైపు కాబట్టి ఆ ముద్ర ఆ కూర్పు ప్రతులన్నిటిలోనూ ఉండాలి. డిజిటల్ ప్రతులు చూస్తే ఏమీ లేదు. ఉండదు కూడా. ఇంగ్లిష్ పాత పుస్తకాల స్కాన్లలో చాలా భాగం యూజీన్ పవర్ 1938లో స్థాపించిన యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్ తీసిన ఫిల్ముల నుంచి వచ్చినవి. నలుపు, తెలుపు తప్ప మధ్య ఛాయలు లేని బొమ్మలు. సిరా లేని గుంట వాటికి అక్కర్లేని సంగతి, పైగా ఖాళీ పేజీని ఫొటో తీయకుండా వదిలేసినవీ ఉన్నాయి. వేరే లైబ్రరీల్లోని మిత్రులను టార్చి వేసి చూడమన్నాం. ఒక ప్రతిలో ఖాళీ కాగితమే లేదు. కాగితం ఖరీదైన రోజుల్లో ఖాళీ పేజీని చింపి వాడుకోవడం మామూలు. ఇంకోదాన్ని 19వ శతాబ్దంలో రీబైండ్ చేస్తూ ఉతికి, ప్రెస్ చేసేశారు. పేజీలు తెల్లగా, అద్దంలా చదునుగా ఉన్నాయి, మామూలు అచ్చు గుంటలు కూడా మిగల్లేదు. మూడో దాంట్లో దొరికింది. మాదాని కంటే మసక, కానీ అవే వరుసలు, అదే తెగిన కాలు.

ఉతికి ప్రెస్ చేసిన ఆ ప్రతి గురించి విన్నప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. నా బల్ల మీద ఉన్న రిక్వెస్టులో అడిగింది దాదాపు అదే. ముడతలు తీయాలంటే కాగితాన్ని తేమ గదిలో పెట్టి మెత్తబరచాలి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి బరువు కింద ఆరనివ్వాలి. రోజూ చేసే చికిత్స, కాగితానికి హాని లేదని పాఠ్యపుస్తకాలు చెప్పేది. గుంటలు ఎంత పోతాయో చూడాలన్నాను. ప్రింట్‌మేకర్ తన చేతిప్రెస్సు మీద ప్రయోగం పెట్టింది.

ఒక ఫారంలో మూడు పేజీల టైపు, నాలుగోది ఖాళీ. చేతితో చేసిన నార కాగితం, జెలటిన్ పట్టించి, ముందురోజు తడిపి ఉంచినది. మొదట ఆధారం లేకుండా ప్రెస్సు పిడి లాగితే ఖాళీకి పక్కనున్న వరుసలు కాగితాన్ని దాదాపు కోసేశాయి. అది చూశాకే చరిత్రకారుడికి ఆధారం పెట్టాల్సిన అవసరం ఒంటికి పట్టింది. తర్వాత టైపు పెట్టి, ఫ్రిస్కెట్ కప్పి లాగింది. మా పేజీలో ఉన్నలాంటి ముద్రే వచ్చింది, అంచున సిరా గీతతో సహా. ఆ షీట్లు ఆరాక కొన్నింటిని నేను మా పద్ధతిలో తేమ పెట్టి బరువు కింద ఆరబెట్టాను. ముడతలు చక్కగా పోయాయి. గుంటలూ పోయాయి. పెద్ద అక్షరాల లోతైన గీతలు ఆనవాలుగా మిగిలాయి, తెగిన కాలు లాంటి సన్న వివరం ఒక్కటీ మిగల్లేదు.

చికిత్స చేయబోమని రాసిచ్చాను. ఇమేజింగ్ వాళ్లు కొంచెం విసుక్కున్నారు, వాళ్ల నాణ్యత ప్రమాణాల్లో నీడలు ఉండకూడదు. వాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు అక్కరకొచ్చింది హేగ్‌లోని బ్రియెన్ పెట్టె. సీమోన్ ద బ్రియెన్ అనే పోస్ట్‌మాస్టర్ దగ్గర చేరవేయలేక మిగిలిపోయిన ఉత్తరాలు అందులో ఉన్నాయి, వాటిలో కొన్ని వందల ఉత్తరాలను ఇప్పటిదాకా విప్పలేదు. కవరు లేని కాలంలో ఉత్తరం కాగితాన్నే మడిచి, చీల్చి, తాళం వేసినట్టు మూసేవారు. విప్పితే చదవొచ్చు, మూసిన పద్ధతి పోతుంది. అందుకే 1697 జులై 31న జాక్ సెనాక్ తన బంధువు పియేర్ ల పేర్‌కు రాసిన ఉత్తరాన్ని విప్పకుండా ఎక్స్‌రే స్కాన్ తీసి కంప్యూటర్‌లో మడతలు విప్పి చదివారు, 2021లో ఆ ఫలితం ప్రకటించారు. అతను అడిగింది ఒక మరణ ధ్రువపత్రం నకలు, అంతే. కానీ ఆ మడతలు భద్రంగా ఉన్నాయి. మా పేజీకీ అలాంటి ఏర్పాటే చేశాం. మామూలు వెలుతురులో ఒక బొమ్మ, ఎడమ నుంచి ఏటవాలు వెలుతురులో ఒక బొమ్మ, ఆర్‌టీఐ ఫైలు, మూడూ రికార్డుకు జతచేశాం. పుస్తకానికి సొంత పెట్టె చేసి, అరలో ఇరికించవద్దని రాశాం.

పేర్ల విషయంలో చిన్న గొడవ జరిగింది. చరిత్రకారుడి కొత్త వ్యాసం చిత్తుప్రతిలో ప్రింట్‌మేకర్ పేరు చివర కృతజ్ఞతల్లో, ఇమేజింగ్ సిబ్బంది తర్వాత వచ్చింది. నాకు అది తప్పనిపించి, చెప్పాను. సిరా గీతను చూసిందీ, అదేమిటో తెలిసిందీ, ప్రయోగం చేసిందీ ఆవిడ. కేటలాగ్ నోట్ అయితే నా చేతిలో పని కాబట్టి ఆవిడ పేరుతోనే పెట్టాం. వ్యాసం కూడా చివరికి ఇద్దరి పేర్లతో వెళ్లింది. ఆయన వాదించలేదు, అలవాటు కొద్దీ అలా రాశారంతే.

సౌండ్ ఆర్టిస్టు పేజీలు తిప్పే చప్పుడు రికార్డు చేసుకున్నాడు. జెలటిన్ బాగా పట్టిన కాగితం గలగలమంటుంది, ఉతికి జెలటిన్ పోగొట్టిన కాగితం గుడ్డలా మెత్తగా పలుకుతుంది. కన్జర్వేటర్లందరికీ చెవికి తెలిసిన సంగతే. ఆ రికార్డింగులు వినడానికి బాగున్నాయి, ఈ కేసుకు మాత్రం ఏమీ కలపలేదు. కలపాలని ఎవరూ బలవంతం చేయకపోవడం నయం.

ప్రదర్శనలో ప్రింట్‌మేకర్ చేసిన సిరా లేని అచ్చుల పక్కనే పుస్తకాన్ని ఆ ఖాళీ పేజీ దగ్గర తెరిచి పెట్టాం. పాత కాగితానికి 50 లక్స్ దాటకూడదన్నది మా నియమం. అంత తక్కువ వెలుతురులోనూ ఏటవాలుగా వస్తే అక్షరాలు కనిపిస్తాయి, ఎదురుగా వస్తే కనిపించవు. దీపం ఎక్కడ పెట్టాలన్నదే డిజైనర్‌తో పెద్ద చర్చ. ఆవిడ అచ్చులు అంకితం పాఠాన్ని కాకుండా ఫ్రిస్కెట్ కిటికీల ఆకారాలను చూపించాయి. అంకితాన్ని మళ్లీ వేయడం కంటే దాన్ని మూసిన వస్తువును చూపించడమే సరైనదని నాకూ అనిపించింది.

ఇప్పుడు ఇద్దరూ కాగితం ముందువైపు మీద పడ్డారు. అది లోపలి ఫారంకు చెందిన పేజీ. అదీ ఖాళీయే, దానికీ ఆధారం కావాలి, కానీ అక్కడ అక్షరాల్లేవు. పొడవైన తిన్నటి అంచు గుంటలు రెండే ఉన్నాయి. చెక్క దిమ్మె పెట్టి ఉంటారని ప్రింట్‌మేకర్ అంటోంది. అదే నిజమైతే లోపలి ఫారం వేసేనాటికి అంకితం టైపు ఇంకా సిద్ధం కాలేదా, లేక వేరే పనిలో ఉందా అన్నది ఆయన ప్రశ్న. ఒక షీటుకు రెండు ఫారాల్లో ముందు ఏది అచ్చయిందో గుంటల లోతును బట్టి కొంతవరకు చెప్పొచ్చు. రెండో వైపు వేసేటప్పుడు మొదటి వైపు గుంటలు కాస్త అణుగుతాయి. ‘కె’ మడతలో అచ్చున్న కాగితాలకు కూడా ఆర్‌టీఐ చేయమని రిక్వెస్టు పెట్టారు. ఈసారి ఆ రిక్వెస్టు మీద రెండు సంతకాలున్నాయి.